సున్నా వేరు, గైరుహాజరు వేరు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్లను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కంప్యూటరంటే సముద్రం, ఎక్కడ దిగినా ఒడ్డు కనపడదు. అందుచేత ఒకే ఒక చిన్న వస్తువును పట్టుకుంటాను. గాలిలో దుమ్ము ఎంత ఉన్నదో కొలిచి, తీగ లేకుండా ఆ అంకెను పంపించే ఒక సెన్సార్ పరికరం. ఆ అంకెలను అందుకుని, దాచిపెట్టి, పటం మీద రంగులు వేసి లోకానికి చూపించే ఒక వెబ్‌సైటు. ఈ రెంటినీ తయారుచేయడం ఎట్లా, చేసిన తరువాత నడపడం ఎట్లా అన్నదే ఈ పూట ముచ్చట. తయారుచేయడానికి ఒక ఆదివారం చాలు. నడపడం ఏళ్ళ తరబడి పని, అసలు కష్టమంతా అందులోనే ఉంది.

జర్మనీలో స్టుట్‌గార్ట్ అనే నగరం ఉంది. బెంజి కార్ల కంపెనీ, పోర్షే కార్ల కంపెనీ రెంటికీ ముఖ్య కార్యాలయాలు ఆ ఊళ్ళోనే. చుట్టూ గుట్టలు, నడుమ గిన్నెలాగా పల్లం. గాలి ఆడని చలికాలపు రోజుల్లో మోటార్ల పొగ, రోడ్ల దుమ్ము ఆ గిన్నెలోనే నిలిచిపోతాయి. ఐరోపా దేశాలకు 2005 నుంచి ఒక కట్టుబాటు ఉంది. పీఎం 10 అనే సన్నని దుమ్ము రోజు సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు దాటిన రోజులు ఏడాదికి 35కు మించరాదు. స్టుట్‌గార్ట్‌లో నెకార్‌టోర్ అనే చోట పెట్టిన సర్కారీ యంత్రం ప్రకారం ఆ హద్దు ఏళ్ళ తరబడి దాటిపోతూనే వచ్చింది. 2018లో గాని ఆ చోటు హద్దులోకి రాలేదు. 2016 జనవరి మొదలు నగరపాలకులు 'దుమ్ము హెచ్చరిక' అని ప్రకటించి, దయచేసి ఈ రోజుల్లో కార్లు తీయకండని జనాన్ని బతిమాలుకోవలసి వచ్చింది.

సర్కారీ యంత్రాలు ఖరీదైనవి, వీధికొకటి పెట్టలేరు. జనం అడిగిందేమిటంటే, ఆ కూడలి సంగతి సరే, మా వీధి మాటేమిటి? మా పిల్లవాడు బడికి నడిచిపోయే దారి మాటేమిటి? అడగవలసిన ప్రశ్నే గదా. ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లికి ఊరి సగటుతో ఏం పని? తన కిటికీ తెరవాలా మూయాలా అన్నదే ఆమెకు కావలసింది.

2015లో ఓకే ల్యాబ్ స్టుట్‌గార్ట్ అనే స్వచ్ఛంద బృందం ఈ పనికి పూనుకుంది. లుఫ్ట్‌డాటెన్ అని పేరు పెట్టారు. గాలి లెక్కలు అని దాని అర్థం. మొదట తమ ఊరికి మూడు వందల పరికరాలు పెడితే చాలుననుకున్నారు. అది ఊరు దాటింది, దేశం దాటింది, దరిమిలా సెన్సార్ డాట్ కమ్యూనిటీ అని పేరు మార్చుకుంది, పరికరాల సంఖ్య పది వేలు దాటింది. వార్తాపత్రికలవారు కూడా ఆ లెక్కలను తీసుకుని అచ్చువేశారు. ఇదంతా ఏ సర్కారీ ఉత్తర్వు లేకుండా జరిగింది.

పరికరంలో ఏముంటుందో చెబుతాను, పిల్లలు జాగ్రత్తగా వినాలి. షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2014లో బజారులోకి తెచ్చిన ఈఎస్‌పీ 8266 అనే చిప్పు ఒకటి. వైఫై దానిలోనే ఉంది. చైనాలోనే నోవా ఫిట్‌నెస్ అనే కంపెనీ చేసిన ఎస్‌డీఎస్ 011 అనే దుమ్ము సెన్సార్ ఒకటి. తేమను, వేడిమిని కొలిచే చిన్న సెన్సార్ మరొకటి. జానెడు రబ్బరు గొట్టం, కరెంటు తీగ, కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగులు. ఇవన్నీ వానకు తడవకుండా ఉండడానికి పెట్టె ఏదయ్యా అంటే, ప్లంబరు వాడే ప్లాస్టిక్ ఎల్బోలు రెండు! ఒకదానిలో ఒకటి దూర్చి, తెరిచిన మూతులు కిందికి ఉండేట్టు వేలాడదీస్తారు. వాన లోపలికి పోదు, గాలి పోతుంది. మొదట్లో మొత్తం ఖర్చు సుమారు ముప్పై యూరోలు అయ్యేది, మన లెక్కన రెండు మూడు వేల రూపాయలు. పెద్ద పెద్ద బుర్రలు కలిసి ఆలోచించి చివరికి పైపుల దుకాణానికి వెళ్ళడం నాకు ఎంతో నచ్చిన సంగతి.

అది పనిచేసే తీరు కూడా చిత్రమే. తలుపు సందులోంచి ఎండ చార పడినప్పుడు దానిలో ధూళికణాలు మెరుస్తాయి, చూశారు గదా. సెన్సార్ లోపల ఎండ చారకు బదులు లేజర్ కిరణం ఉంటుంది. చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, కణం అడ్డం వచ్చినప్పుడల్లా వెలుతురు చెదురుతుంది, ఆ చెదిరిన వెలుతురును బట్టి దుమ్మును లెక్కగడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ సెన్సార్ ఆయుష్షు ఎడతెరిపి లేకుండా నడిపితే 8,000 గంటలు, అనగా 333 రోజులు. ఏడాది కూడా నిండదు. అందుకని వాళ్ళేం చేశారంటే, 145 సెకన్లకు ఒకసారి మాత్రం దాన్ని లేపుతారు. పదిహేను సెకన్లు ఒళ్ళు విరుచుకోనిస్తారు, ఐదు సెకన్లు కొలిపిస్తారు, మళ్ళీ పడుకోబెడతారు. 145 సెకన్లలో 20 మాత్రమే పని. ఆ లెక్కన ఏడాదిలోపు చచ్చే వస్తువు ఆరేళ్ళకు పైగా బతకాలి. లెక్కలు ఎందుకు సార్ అని అడిగే పిల్లలు ఈ భాగాహారం ఇంటికి పోయి చేసి చూడండి.

పరికరానికి తెర లేదు, మీటలు లేవు. మరి ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు దానికి ఎట్లా చెప్పాలి? మొదటిసారి కరెంటు ఇవ్వగానే అదే ఒక చిన్న వైఫైగా మారిపోతుంది. మీ ఫోనును దానికి తగిలించి బ్రౌజరులో ఒక చిరునామా కొడితే ఫారం వస్తుంది, నింపి ఇస్తారు, అది మీ ఇంటి వైఫైలో చేరిపోతుంది. అక్కడి నుంచి 145 సెకన్లకొక చీటీ. చీటీలో ఉండేదెంత? నా నంబరు ఇది, పీఎం 10 ఇంత, పీఎం 2.5 ఇంత. తేమ, వేడిమి వేరే చీటీలో పోతాయి. టైము ఉండదు. చీటీ సర్వరుకు చేరినప్పుడు తపాలా ఆఫీసులో ముద్ర వేసినట్టు సర్వరే టైము వేస్తుంది. అందువల్ల ఒక సుఖం ఉంది, పదివేల పరికరాలకూ ఒకే గడియారం. ఒక నష్టమూ ఉంది. ఇంట్లో వైఫై పోయిన వేళ కొలిచిన అంకె దాచిపెట్టి తరువాత పంపే ఏర్పాటు లేదు. ఆ వేళ లెక్క పోయినట్టే.

ఇప్పుడు సర్వరు సంగతి. మన కచేరీల్లో ఇన్‌వార్డు గుమాస్తా ఉంటాడు చూడండి, వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి పుస్తకంలో ఎక్కించేవాడు. వెబ్ అప్లికేషన్‌లో మొదటి ముక్క అతనే. ఒక పరికరం రోజుకు సుమారు 596 దుమ్ము చీటీలు పంపుతుంది. పదివేల పరికరాలుంటే రోజుకు దాదాపు అరవై లక్షలు, అంటే సెకనుకు డెబ్బై. ఆ గుమాస్తాకు సెలవు లేదు, మధ్యాహ్నం భోజనం లేదు, ఆదివారం లేదు. పైగా చీటీలు సమంగా రావు. ఒక ఊళ్ళో కరెంటు పోయి తిరిగి వచ్చిందనుకోండి, అన్ని పరికరాలూ ఒకే క్షణంలో లేచి ఒకే క్షణంలో చీటీ విసురుతాయి. ఇంటర్వెల్ గంట కొట్టగానే బడి పిల్లలంతా ఒకే కుళాయి మీద పడ్డట్టు. అందుకని ఇటువంటి పరికరాలు తయారుచేసేవారు ప్రతిదాన్నీ తోచినన్ని సెకన్లు ఆగి పంపమని ముందే నేర్పిపెట్టడం మంచిది. మన ఊళ్ళ కరెంటు సంగతి తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ వచ్చిన చీటీల సంగతి. రాని చీటీ సంగతే నేను ముఖ్యంగా చెప్పదలచింది.

బడిలో ఇద్దరు పిల్లలున్నారనుకోండి. ఒకడు పరీక్షకు వచ్చి కూర్చుని తెల్ల కాగితం ఇచ్చి వెళ్ళాడు. వాడికి సున్నా. ఇంకొకడు జ్వరం వచ్చి రానే లేదు. వాడి పేరుకెదురుగా ఏం రాస్తాం? గైరుహాజరు అని రాస్తాం. వాడికి కూడా సున్నా వేసేస్తే ఏ ఉపాధ్యాయుడూ ఒప్పుకోడు, వాడి తండ్రి అసలే ఒప్పుకోడు. సున్నా అనేది ఒక జవాబు. గైరుహాజరు అంటే జవాబు లేదన్న మాట. ఈ ఫరకు తెలియడానికి హాజరుపట్టీ పట్టుకున్న అనుభవం చాలు. కంప్యూటరుకు మాత్రం మనం చెబితేనే తెలుస్తుంది.

భాషల్లోనే ఈ చిక్కు ఉందేమోనని ఒక్కొక్కసారి అనిపిస్తుంది. ఉర్దూలో సున్నాను సిఫర్ అంటాం. అది అరబ్బీ మాట, ఖాళీ అని దాని మూలార్థం. సంస్కృతంలో శూన్యం అన్నా ఖాళీయే. రెండు చోట్లా పెద్దలు ఖాళీని, సున్నాను ఒకే మాటతో పిలిచారు. లెక్కల శాస్త్రానికి అది గొప్ప మేలు చేసింది. సెన్సారు లెక్కల్లో మాత్రం ఆ రెంటినీ విడదీయక తప్పదు. అందుకే డేటాబేసుల్లో నల్ అని ఒక గుర్తు పెట్టారు. 'ఇక్కడ విలువ లేదు, సున్నా అని అనుకోకండి' అని దాని భావం.

విడదీయకపోతే ఏమవుతుందో ఒక లెక్కలో చూడండి. మన దేశంలో 2009 నాటి ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 రోజు సగటు 60 మైక్రోగ్రాములు మించరాదు. ఒక వీధిలో పగలు పన్నెండు గంటలు సగటున 90 ఉంది. రాత్రి పన్నెండు గంటలు వైఫై పోయి పరికరం పలకలేదు. వెబ్ అప్లికేషన్ రాసిన కుర్రవాడు ఖాళీ గళ్ళలో సున్నాలు పడనిచ్చాడు. సగటు ఎంత వచ్చింది? 45. హద్దు లోపలే! పటం మీద ఆ వీధికి చల్లని ఆకుపచ్చ రంగు పడింది. ఆ రంగు చూసి ఉబ్బసం పిల్లవాడి తల్లి కిటికీ తెరిచింది. అబద్ధం ఎవరూ ఆడలేదు, సెన్సారు తప్పు కొలవలేదు, కూడికలో భాగాహారంలో పొరపాటు లేదు. అయినా ఆ పిల్లవాడు దుమ్ము పీల్చాడు.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2014లో గాలి నాణ్యత సూచీని ప్రవేశపెట్టినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకున్నారు. ఇరవైనాలుగు గంటల్లో కనీసం పదహారు గంటల లెక్క లేకుంటే సూచీ కట్టరాదని నియమం చేశారు. హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్కు వంటి చోట్ల వారి లెక్కకు వచ్చే కేంద్రాలున్నాయి. ఏదో ఒక పూట ఏదో ఒక కేంద్రానికి అంకె ఇవ్వకుండా, తగినంత డేటా లేదని చూపిస్తే, అయ్యో పనిచేయడం లేదే అని విసుక్కోకండి. తెలియనిది తెలియదని చెప్పే యంత్రాన్ని నేనైతే ఎక్కువ నమ్ముతాను.

స్టుట్‌గార్ట్‌వారి పటం కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అది ఇటీవలి నిమిషాల్లో వచ్చిన చీటీలనే చూపుతుంది. పలకని పరికరం సున్నాగా మారదు, పటం మీద నుంచి తప్పుకుంటుంది. నిన్నటి అంకెను పట్టుకుని నేటిదన్నట్టు కూర్చోదు.

పరికరం చచ్చిపోయిందని మరి ఎవరు చెప్పాలి? చచ్చినవాడు లేచి వచ్చి చెప్పలేడు గదా. దీనికి 1999లో ఒక అందమైన ఉపాయం కనిపెట్టారు. ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే మరొక ఇంజనీరు కలిసి, ఎక్కడెక్కడో సాగిపోయే చమురు గొట్టాల సంగతులు ఉపగ్రహం మీదుగా తెలుసుకోవడానికి ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతి తయారుచేశారు. ఇవాళ లోకంలో లెక్కలేనన్ని పరికరాలు దాని మీదే మాట్లాడుకుంటున్నాయి. అందులో పరికరం మొదటిసారి సర్వరును పలకరించేటప్పుడే, కావాలంటే ఒక వసీయత్‌నామా రాసి ఇవ్వవచ్చు. 'నేను సెలవు తీసుకోకుండా మాయమైతే, ఈ కబురు నలుగురికీ చెప్పండి' అని. ఇంగ్లీషులో కూడా దాన్ని విల్ అనే అంటారు, అనగా వీలునామాయే. తీగ తెగిన మరుక్షణం కాకపోయినా కొద్దిసేపటికే సర్వరు ఆ కబురు చాటుతుంది. స్టుట్‌గార్ట్ పరికరం ఈ దారి పట్టలేదు, మామూలు వెబ్ చీటీలే పంపుతుంది. అటువంటప్పుడు సర్వరే హాజరు పిలవాలి. 145 సెకన్లకు రావలసినవాడు ఐదు నిమిషాలైనా రాలేదంటే గైరుహాజరు వేయాలి.

వచ్చిన అంకెనైనా కళ్ళు మూసుకుని నమ్మవచ్చునా? అదీ లేదు. ఆ సెన్సారు చూపగలిగిన గరిష్ఠం 999.9. ఎవరి పరికరమైనా గంటల తరబడి 999.9 దగ్గరే నిలబడిపోయిందంటే ఆ వీధి తగలబడుతున్నదనైనా అనుకోవాలి, సెన్సారు పాడైందనైనా అనుకోవాలి. రెండోదే ఎక్కువసార్లు నిజం. ఇంకొకాయన పరికరాన్ని వంటింట్లో తగిలిస్తాడు. తాళింపు వేసినప్పుడల్లా ఆ ఊరి గాలి చెడిపోయినట్టు పటం కేకలు పెట్టాలి. అందుకే నమోదు చేసేటప్పుడే ఇంటి లోపలా, బయటా అని అడుగుతారు. లోపలి అంకెను ఊరి గాలిగా లెక్కించరాదు. ఇల్లు మారి పరికరాన్ని కూడా తీసుకుపోయి, సర్వరుకు చెప్పడం మరిచినవారి సంగతి మరీ కష్టం. అంకె నిజమే, వీధి అబద్ధం. దాన్ని ఏ ప్రోగ్రామూ సులువుగా పట్టలేదు.

తేమ అన్నిటికన్నా టక్కరిది. లేజరు కిరణానికి దుమ్ముకణమూ, మంచుబొట్టూ ఒకటే, రెండూ వెలుతురును చెదరగొడతాయి. తయారుచేసిన కంపెనీయే ఈ సెన్సారుకు తేమ డెబ్బై శాతం వరకే అని రాసింది. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రపు పర్యావరణ సంస్థ 2017లో దీన్ని సర్కారీ యంత్రం పక్కన పెట్టి పోల్చి చూసి, గాలి పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉన్నదనీ, తేమ ఎక్కువైనప్పుడు అంకె పెరిగిపోతున్నదనీ తేల్చింది. అంత ఖరీదు సర్కారీ యంత్రాల్లో చాలావాటిలో గాలిని ముందు వేడిచేసి తేమను తీసేస్తారు, మన ఎల్బో గొట్టంలో ఆ వసతి ఎక్కడిది? మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తెల్లవారుజామున తేమ డెబ్బై దాటడం మామూలు. అక్కడ ఎవరైనా ఈ పరికరం పెడితే ఉదయపు అంకెను ఉన్నదున్నట్టు నమ్మరాదు. హైదరాబాదు వేసవి మధ్యాహ్నం అంకె దానికన్నా నయం.

తప్పని తెలిసిన అంకెను మరి చెరిపేయాలా? వద్దనే నా అభిప్రాయం. పిల్లవాడు తప్పు రాస్తే రబ్బరుతో చెరిపి మనం ఒప్పు రాయం గదా, పక్కన ఎర్రసిరాతో గుర్తు పెడతాం. అంకె అట్లాగే ఉండాలి, పక్కన ఆ క్షణపు తేమ కూడా ఉండాలి. రేపు ఎవరైనా మంచి సూత్రం కనిపెడితే పాత లెక్కలన్నీ మళ్ళీ సరిచేసుకోవచ్చు. చెరిపేస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకొక మాట, దీన్ని జనం అంతగా పట్టించుకోరు. పరికరం మౌనం కూడా ఒక కబురే. ఊరికి వెళ్ళేటప్పుడు వైఫై కట్టేసి తాళం వేసే ఇల్లు పటం మీద నుంచి మాయమవుతుంది. ఇంట్లో ఎవరూ లేరని అది లోకానికి చెప్పినట్టే కావచ్చు. అందువల్ల ఖచ్చితమైన ఇంటి జాగా చూపాలా, దాదాపుగా చూపాలా అన్నది యజమాని ఇష్టానికి వదిలారు. ఎవరైనా పెడితే దాదాపుగానే చూపమని నా సలహా. పాత పరికరాన్ని పారేసేటప్పుడు, అమ్మేటప్పుడు లోపల దాచిన వైఫై పాస్‌వర్డును తుడిచివేయడం మరవద్దు.

ఖర్చు సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. పరికరం ఎవరి ఇంటివారిది వారు కొనుక్కుంటారు. సర్వరు అద్దె, కరెంటు, రాత్రి రెండింటికి నిలిచిపోతే లేచి చూసే మనిషి, ఇవన్నీ చందాల మీద, వలంటీర్ల మీద నడుస్తాయి. వెబ్‌సైటు ప్రారంభోత్సవానికి వచ్చేవారు చాలామంది ఉంటారు, నాలుగో ఏడు దాన్ని తుడిచి దులిపేవారు ఇద్దరు ముగ్గురే. మన సంఘం లెక్కలు రాసే కోశాధికారిగారు ఇది విని తల ఊపుతున్నారు.

పదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాను. ఆ స్టుట్‌గార్ట్‌వారు ప్రతి సెన్సారుకూ, ప్రతి రోజుకూ విడివిడిగా ఒక ఫైలు చేసి ఎవరైనా తీసుకోవచ్చునని బహిరంగంగా పెట్టారు. అంకెల మధ్య కామాకు బదులు సెమీకోలన్ ఉంటుంది, స్ప్రెడ్‌షీటులో తెరిచేటప్పుడు అది చెప్పాలి. ఒక దుమ్ము సెన్సారును, ఒక రోజును ఎన్నుకోండి. తెరవగానే సగటు కట్టకండి. ముందు వరుసలు లెక్కపెట్టండి. ఇంచుమించు 596 ఉండాలి. మూడు వందలే ఉంటే, తక్కినవి ఏ గంట నుంచి ఏ గంట వరకు లేవో టైము గడి చూసి రాసుకోండి. ఆ ఖాళీ గళ్ళను ఖాళీగానే వదిలితే స్ప్రెడ్‌షీటు వాటిని సగటులో కలపదు, సున్నా కొడితే కలుపుతుంది. రెండు విధాలా కట్టి, వచ్చిన రెండు అంకెలూ నాకు తెచ్చి చూపించండి.